మూడో నంబరు పలక

నవంబర్ 3, సోమవారం

రుమైతియాలోని అరబ్బు ఇంటి దీవానియా మళ్ళీ నా చేతికే వచ్చింది. రాకుండా యాడికి పోతాది? ఇరవై రెండేండ్ల కింద ఆ ఇంటి మగోళ్ళు కూచునే హాలుకు ఓక్ చెక్క పరిచినప్పుడు రంగేసి పాలిష్ పట్టింది నేను. పదేండ్ల కింద అది అరిగితే మిషన్‌తో రుద్ది మళ్ళీ పట్టింది నేను. ఇప్పుడు మేం మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి కొడుకు పెండ్లి. డిసెంబర్ నాలుగుకు చుట్టాలంతా ఆ హాల్లో కూచుంటారు, అప్పటికి నేల కొత్తది మాదిరి కావాలంట.

పొద్దున గడప పట్టీ పీకి చూసినా. చెక్క ఒకదాన్లో ఒకటి దూరే గాడి ఉంటాది గదా, దాని పైన రెండు మిల్లీమీటర్లు మిగిలిందో లేదో. ఈసారి రుద్దుడే కడాకు. ఇంక రంగు చెడితే రుద్ది తీసేదానికి కొయ్య ఉండదు. ఈ మాట మా మేనేజర్ రామ్మోహన్‌కు చెప్తే "నోటెడ్ అండి" అని ట్యాబ్ మీద గీకినాడు. విజయవాడ మనిషి. సెంటు వాసన ముందొస్తాది, మనిషి వెనకొస్తాడు. ఓక్ ఏదో టేకు ఏదో వాసన చూసి చెప్పమంటే ఆ ట్యాబ్‌నే వాసన చూసే రకం.

పోతా పోతా ఇంకో మాట చెప్పినాడు. "ఖాజావలి గారూ, జనవరి నుంచి మనం వినైల్ షీట్లలోకి వెళ్తున్నామండి. కొయ్య నేల పనికి ఒక్కరికే ఇఖామా రెన్యూవల్. మీరో, జావీదో. ఈ దీవానియా చూశాక నిర్ణయిస్తాం."

ఈ దేశంలో ఉండేదానికి కాగితం ఇంక నాకో జావీద్‌కో అంట. తొమ్మిదేండ్ల కింద వాన్ని రాయచోటి నుంచి వీసా మీద పిలిపించింది నేను, రుద్దే కాగితం యా పక్క గరుకో చూపించింది నేను. ఇప్పుడు నన్నూ వాన్నీ ఒకే తక్కెట్లో పెడతాండారు. అదీ వినైల్ అమ్ముకునేటోడు. ప్లాస్టిక్ చాపలు పరిచేదానికి మేనేజర్ ఎందుకప్పా, ఊర్లో సంతలో ముసలమ్మలు పరచలేదా?

నవంబర్ 4, మంగళవారం

రంగు ఎంచుకునే భాగోతం. రామ్మోహన్ షేడ్ కార్డు తెచ్చినాడు, కాగితం మీద అచ్చేసిన కొయ్య. ఆయప్పకు బూడిద రంగు కావాలంట, ఇప్పుడు యూరప్‌లో అదే నడుస్తాందంట. ఓక్ చెక్కకు బూడిద రంగేస్తే పొయ్యి తుడిచిన బండ మాదిరి ఉంటాది. మామా ఫోన్లో ఏదో హోటల్ ఫోటో చూపించింది. ఆయమ్మకు కాఫీ రంగు కావాల, పోయిన మొగుడు ఉన్నప్పటి రంగు, కానీ కొత్తగా ఉండాల. మామా అడిగేది కనీసం మనిషి అడిగేదే.

ఫోటో చూసి రంగేసేటోళ్ళు వేరే ఉండారు, నేను రంగేసిన నాలుగు నమూనా పలకలు చేసి తెస్తా అని చెప్పినా.

నవంబర్ 6, గురువారం

మిర్కాబ్‌లో మా కంపెనీ స్టోర్లో పలకలకు రంగులు కలిపినా. వాల్‌నట్ డబ్బా, నల్ల డబ్బా, లేత డబ్బా. నాకు కొలతలు లేవు, ఎప్పుడూ లేవు. కట్టెతో కలిపి, గుడ్డతో రుద్ది, ఒక చూపు చూస్తే చాలు. జావీద్ మాత్రం మందుల షాపు సిరంజి పట్టుకొని ఎన్ని మిల్లీలు పోసినాడో నోటుబుక్కులో ఉర్దూలో రాసుకుంటాడు. కూరలో ఉప్పు తూకమేసి ఏసేటోడు వంటోడెట్లయితాడు? వాని ముఖాన ఒకసారి ఈ మాటే అన్నా, నవ్వి ఊరుకున్నాడు. నోట్లో నాలుక లేనోడు.

నాలుగు పలకలకూ ముందరి పక్క నంబర్లేసి ఆరబెట్టమని వానికిచ్చి వచ్చినా.

స్టోర్లో ట్యూబులైట్లు పచ్చగా పాతబడినాయి. మార్చమంటే స్టోర్‌కీపర్ పోయిన నెలే మార్చినానంటాడు. అబద్ధాలకు అంతుండాల.

నవంబర్ 7, జుమ్మా

ఊరి నుంచి నా భార్య బషీరా వీడియో కాల్ చేసింది. చెల్లెలి కూతురి నిఖాకని చీర కొనింది. పెండ్లికి నల్ల చీరేందంటే, నల్లదేంది, నీలం గదా అని నవ్వింది. ఆ ఫోను మార్చమని రెండేండ్లుగా చెప్తాండా.

ఈ పుస్తకం పరుపు కింద పెట్టినా ఫికర్ లేదు. గదిలో జావీద్ తప్ప మనోళ్ళు లేరు, వాడు ఉర్దూ బడిలో చదివినాడు, తెలుగు అచ్చరం రాదు.

నవంబర్ 10, సోమవారం

గెలిచినా.

పలకలు గోడకానించి చూపించేది షాపోళ్ళ పని. నేను నేల మీద పరిచినా. చెప్పులిడిచి దాని మీద నిలబడు మామా, తర్వాత కూచో, పగలొకసారి చూడు, రాత్రి ఇషా నమాజ్ అయినాక లైట్లేసి ఇంకోసారి చూడు అన్నా. దీవానియాలో మనుషులు వచ్చేది పొద్దు పోయినాక, పగటి ఎండలో నచ్చిన రంగు వాళ్ళకెందుకు? ఈ సంగతి ఏ కార్డు మీదా రాయరు.

మామా రెండుసార్లూ మూడో నంబరు మీదే కూచునింది. "జైన్, బాగుంది ఖాజా, ఇదే మా ఆయన నాటి గహ్వా కాఫీ రంగు" అనింది. మిగతా మూడు పలకలు నల్లగా ఉండాయంట. అవి నలుపా? ముదురు కాఫీకీ నలుపుకీ తేడా తెలియదు, పాపం ఏసీ గదుల్లో పుట్టి పెరిగిన కండ్లు. ఆ ఇంట్లో పని చేసే సూరాయమ్మ, గోదారి మనిషి, టీ తెచ్చి "మిగతావి మాడిపోయిన అట్లలా ఉన్నాయండి అన్నయ్యగారూ" అనింది. బాత్రూములు కడిగే మనిషి కూడా రంగుల మీద మాట్లాడే కాలం.

రామ్మోహన్ బూడిద రంగు కార్డు అట్లనే కార్లోకి పోయింది. గదికొచ్చినాక జావీద్‌కు గంటసేపు చెప్పినా: ఆ మూడో పలకలో ఎరుపు రవ్వంత కిందుండి పైకి రాకుండా ఆగింది చూడు, అదీ చెయ్యంటే, అదీ కన్నంటే, సిరంజిలో వస్తాదా అది అని. వాడు అన్నం తింటా తల ఊపినాడు. ముసిముసిగా నవ్వినట్టుండె. వానికేం అర్థమైతాది.

నవంబర్ 11, మంగళవారం

రంగు పైన పూసే వార్నిష్ కోటు దగ్గర మళ్ళీ రగడ. మామాకు అద్దం మాదిరి మెరుపు కావాల. రామ్మోహన్‌కు మెరుపే వద్దు. ఇద్దరికీ తెలియదు. ఇరవై రెండేండ్ల కింద అద్దమే వేసినా. మొదటి దినం ఒక ముసలి షేక్ వాకిట్లో నిలబడి, నేల తడిగా ఉండాదనుకొని కాళ్ళ దాకా ఉండే దిష్‌దాషా అంగీ మోకాలి దాకా ఎత్తుకున్నాడు. హాలంతా నవ్వింది, ఆయప్ప మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. మామాకు అది గుర్తు చేస్తే నవ్వి, సరే సగం మెరుపే వెయ్యి అనింది.

సగం మెరుపు డబ్బాలో మెరుపు చంపే పొడి అడుగున కూచుంటాది. అడుగంటా కలపకుండా పూస్తే సగం హాలు అద్దం, సగం హాలు సున్నం. రామ్మోహన్ వచ్చి డబ్బా ఊపి "ఇలా షేక్ చేస్తే సరిపోతుంది కదండీ" అన్నాడు. షర్బత్ అనుకున్నాడు.

నవంబర్ 15, శనివారం

మూడు దినాలు రుద్దినాం. ముతక కాగితం, మధ్యది, సన్నది. మిషన్ నేనే పట్టినా, జావీద్ చేతికి ఇయ్యలేదు, రెండు మిల్లీమీటర్ల మీద వాని చెయ్యి నమ్మేదెట్ల? అంచులు మాత్రం వాడు చేసినాడు. బాగనే చేసినాడు. రామ్మోహన్ బూట్లేసుకొని రుద్దిన నేల మీద నడిచినాడు. ఆ మడమ గుర్తులు చేత్తో తీసేసరికి గంట పట్టింది.

నవంబర్ 16, ఆదివారం

పెద్ద బకెట్లో రంగు ఈసారి వానికియ్యకుండా నేనే కలిపినా. మూడో పలక పక్కన పెట్టుకొని, అదే చూపు. తలుపు వెనక మూల రెండు చేతుల వెడల్పున రుద్ది చూసినా. పలకా నేలా ఒక్కటే.

జావీద్ వంగి చూసి, "ఈ పొద్దుకు చాలు చిచ్చా, రేపు పగలు చూసి చేద్దాం" అన్నాడు. వానికి పని ఎగ్గొట్టే దినాలు ఎక్కువైనాయి. కండ్లు నెత్తికెక్కినాయి.

నవంబర్ 17, సోమవారం

ఈ పొద్దు జరిగింది సరిగ్గా రాయాల.

పొద్దున సూరాయమ్మ తలుపు వెనక తుడవబోయి "ఇదేంటండి, ఇక్కడ తారు పోశారా?" అనింది. నేను ఆయమ్మను పట్టించుకోలేదు. జావీద్‌ను అడిగినా. వాడు దుమ్ము పీల్చే మిషన్ పైపు పట్టుకొని కింద చూస్తాండాడు. నోరు తెరువు అంటే అప్పుడన్నాడు: "పలక మీదది కాఫీ చిచ్చా. నేల మీదది బొగ్గు."

నాకు రక్తం మరిగింది. నా ముందర, నా నేల మీద. ఆడలేక మద్దెల ఓడన్నాడంట, ఇరవై ఆరేండ్ల చెయ్యిని తప్పు పట్టేటోడు వీడు. జనవరి ఇఖామా కోసం పన్నిన పన్నాగం కాకపోతే ఏంది? ఇంతలో రామ్మోహన్ వచ్చినాడు. మూల చూసి ముఖం మాడ్చుకున్నాడు, ఇది ఎవరు కలిపారండి అని అడిగినాడు.

జావీద్ కలిపినాడు అని చెప్పినా.

రామ్మోహన్ ట్యాబ్‌లో రాసుకున్నాడు. "అయితే తేలిపోయింది లెండి. జనవరికి అతని పేరు తీసేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. జావీద్ అయిదడుగుల దూరంలో ఉండాడు. పైపు చుట్టి మూలన పెట్టి నీళ్ళు తాగేదానికి పోయినాడు.

అది అబద్ధం కాదు. మామూలుగా కలిపేది వాడే గదా, సిరంజి పట్టుకొని. నేను ఊరికే మామూలుగా జరిగేది చెప్పినా. మూల కూడా నల్లగా ఏం లేదు. వాళ్ళు నల్లగా అనుకుంటాండారు కాబట్టి, అనుకునేటోళ్ళకు చెప్పాల్సిన జవాబు చెప్పినా, అంతే.

నవంబర్ 18, మంగళవారం

గాలిలో దుమ్ముంది, రంగు వేస్తే అంటుకుంటాదని రామ్మోహన్‌కు ఫోన్ చేసి పని ఆపినా. దుమ్ము లేదు.

ఒక్కన్నే పోయి కూచున్నా. పలకలు నాలుగూ సంచిలో ఉండె. ఊరికే తిప్పి చూసినా. ఒకటో పలక వెనక ఏమీ లేదు. రెండో దాని వెనక ఏమీ లేదు. నాలుగో దాని వెనకా ఏమీ లేదు. మూడో పలక వెనక పెన్సిల్‌తో ఉర్దూలో మూడు వరుసలు, వరుసకొక అంకె, డబ్బాకొక కొలత. జావీద్ రాత.

నా పలక తీసేసి వానిది పెట్టినాడు. దొంగ.

నవంబర్ 19, బుధవారం

స్టోర్లో అల్మారా కింది వరుసంతా దించినా. పోయిన పది నెలల్లో జనం ఒప్పుకున్న పలకలు, పదకొండు. సాల్మియా ఫ్లాటుది, జాబ్రియాలో కాదు గానీ ఒక డాక్టరమ్మ ఇంటిది, షుఐబా కంపెనీ ఆఫీసర్ల మెస్సుది. అన్నిటి వెనకా అదే పెన్సిల్, అవే మూడు వరుసలు. పై వరుసలో ఒప్పుకోకుండా పారేసినవి, అవి వెనక ఖాళీ. అవి నావి.

ఆ మెస్సు నేల చూసి అక్కడి పెద్ద ఆఫీసరు, ముదీర్, నన్ను భుజం తట్టినాడు. నేను సలాం కొట్టినా. జావీద్ అప్పుడు మెట్ల మీద బకెట్ కడుగుతాండె.

సాయంత్రం రుమైతియా పోయి సూరాయమ్మను పిలిచినా. పరీక్ష పెడతాండా అన్నట్టు, ఈ మూలకు ఈ నాలుగు పలకల్లో ఏది కలుస్తాదో చూపించమన్నా. ఆయమ్మ ఒకటో నంబరు తీసి ఠక్కున మూల పక్కన పెట్టింది. మూడో దాన్ని కాలితో పక్కకు నెట్టింది.

"ఇది తెలియకపోవడానికేముందండి? చిన్నపిల్లనడిగినా చెబుతుంది" అనింది.

రెండూ పక్కపక్కనే పెట్టి చూసినా. నిలబడి చూసినా, కూచొని చూసినా, ఫోన్ టార్చి వేసి చూసినా. నాకు రెండూ ఒక్కటే. ఆయమ్మ కాసేపు నన్నే చూసి, టీ పెడతానండి అని లోపలికి పోయింది. తాగకుండా వచ్చేసినా. ఒకటో తరగతి పిల్లోన్ని చూసినట్టు చూసింది.

నవంబర్ 20, గురువారం

ఆస్పత్రి. గోడ మీద అచ్చరాలు చదవమన్నారు, యాభై నాలుగేండ్లోన్ని. కండ్ల డాక్టరమ్మ లైటేసి చూసి రెండిట్లో పొర పెరిగిందనింది, రంగులు పచ్చబారి, ముదురువన్నీ ఒక్కటై కనిపిస్తాయంట. ఆపరేషన్ చేస్తే తగ్గుతాదంట, ఆరు వారాల తర్వాత తేదీ. ఎన్నాళ్ళ నుంచి ఇట్ల ఉండాదని అడిగింది. రెండు నెలలని చెప్పినా.

స్టోర్ ట్యూబులైట్లు తెల్లవే.

నవంబర్ 21, జుమ్మా

జుమ్మా నమాజ్ నుంచి వచ్చినాక గదిలో ఇద్దరమే. నాలుగు దినాలుగా మాటల్లేవు, అయినా వాడు అన్నం ఇద్దరికే వండుతాండాడు. అదొక కోపం నాకు. తిట్టేటోడు తిట్టాల, వండి పెట్టేదేంది?

పలక ముందర పెట్టి, ఎందుకు చెప్పలేదురా అని అడిగినా.

"చెప్తే బకెట్ ముట్టుకునేటోనివి కాదు నువ్వు. కొలత నాకొచ్చు చిచ్చా, రుద్దే చెయ్యి రాదు. నేను రుద్దితే అతుకులు కనిపిస్తాయి. నువ్వు రుద్దితే కనిపియ్యవు."

మంచిగనే ఉండాదిలే అనుకున్నా, నన్ను వాడుకున్నాడన్నమాట. అంతటితో ఆగలేదు వాడు. తల ఎత్తి ఇంకో మాట అన్నాడు.

"తొమ్మిదేండ్లలో ఒక్కనాడు బాగా చేసినావురా జావీద్ అనలేదు నువ్వు. ఆ దినం మూడో పలకను గంటసేపు పొగిడినావే, కడుపు నిండింది నాకు. నన్నే పొగుడుతాండావనుకొని తిన్నా."

నేను రామ్మోహన్‌కు చెప్పిన మాట వాడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వానికి రాయచోటిలో ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ ఇంగ్లీషు బడి. అది నాకెవరూ చెప్పబల్లేదు, పెద్దదానికి పేరు పెట్టింది నేనే.

నవంబర్ 22, శనివారం

మూలలో మిషన్ పెడితే గాడి బయట పడతాది. మోకాళ్ళ మీద కూచొని చేతి రేకుతో గీకినా, పొద్దున నుంచి సాయంత్రం అస్ర్ నమాజ్ దాకా. శానా వరకు వచ్చేసింది. కొయ్య పోగు లోపలికి పోయిన నలుపు రాలేదని జావీద్ అన్నాడు. నాకైతే అంతా పోయినట్టే ఉండాది. ఇంక నా మాటకు విలువేముంది?

నవంబర్ 23, ఆదివారం

రంగు వేసినాం. వాడు సిరంజితో కొలిచి పోసినాడు, నేను చూడలేదు. నేను గుడ్డ పట్టుకొని గోడ నుంచి గోడకు, చెక్క పోగు పోయిన దారినే, చెయ్యి ఆపకుండా రుద్దుతా పోయినా. వాడు నా వెనక నడుస్తా "ఇక్కడ ఇంకోసారి", "చాలు", "కుడి పక్కకు" అని చెప్తా వచ్చినాడు. ఇరవై ఆరేండ్లలో నాకు చెయ్యి యాడ పెట్టాల్నో చెప్పినోడు లేడు. రెండుసార్లు గుడ్డ వాని ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. నాలుగు గంటల్లో హాలు అయిపోయింది.

నవంబర్ 25, మంగళవారం

నిన్న మొదటి కోటు పూసినాం. ఈ పొద్దు ఇషా అయినాక మామా లైట్లన్నీ వేయించి చూసింది, చెప్పులిడిచి నడిచింది, గోడ పక్కన కూచొని చూసింది. పోయిన ఆయమ్మ మొగుడు కూచునే చోటే అది. కండ్లు తుడుచుకునింది. రామ్మోహన్ ఫోటోలు తీస్తాండాడు, తానే రుద్దినట్టు.

"ఖాజా, నీ కన్ను ముసలిది కాలేదు" అనింది మామా.

ఊరికే ఉంటే సరిపోయేది. ఆ పొగడ్త తీసుకునేదానికి నోరు తెరిచినా కూడా, షుక్రన్, థ్యాంక్స్ అందామని. అప్పుడే రామ్మోహన్ తలుపు వెనక మూల చూపించి, ఈ చిన్న మరకకు క్షమించండి మేడం, మా జావీద్ పొరపాటు, అతన్ని తీసేస్తున్నాం అని ఇంగ్లీషులో చెప్పినాడు. జావీద్ అక్కడే ఉండాడు, గుడ్డలు నీళ్ళలో ముంచుతాండాడు. ఆ దినం మాదిరే తల ఎత్తలేదు.

"సార్, ఆ మూల కలిపింది నేను" అన్నా. "మిగతా నేలంతా కలిపింది జావీద్. పది నెలలుగా వాడే కలుపుతాండాడు. నాకు కండ్లలో పొర. ఆ దినం మీకు అబద్ధం చెప్పినా. రాసుకుంటే ఇది రాసుకోండి."

మామాకు అరబ్బీలో మళ్ళీ చెప్పినా. ఆయమ్మ మూల చూసింది, నన్ను చూసింది, జావీద్‌ను చూసింది. అక్కడ గహ్వా బల్ల పెడతాం, ఖలాస్, అని లోపలికి పోయింది. నాతో ఇంక మాట్లాడలేదు.

రామ్మోహన్ జనవరి సంగతి ఎత్తబోయినాడు. జావీద్ పేరే రాయండి అన్నా. ఆయప్ప రాసుకున్నాడు. రాసుకొని నన్ను చెప్పుల నుంచి టోపీ దాకా ఒకసారి చూసినాడు, పాత మిషన్ స్టోర్లో పెట్టాల్నా పారేయాల్నా అన్నట్టు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆ చూపు నాకు కొత్త కాదు. తొమ్మిదేండ్లు జావీద్‌ను నేను చూసింది దాంతోనే.

రేపు రెండో కోటు. డబ్బా అడుగంటా కలపమని వానికి చెప్పాల. చెప్పబల్లేదు, వానికి తెలుసు.